చూపు ఆనినంత మేరకే వేగం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కారు ప్రయాణంలో జాగ్రత్తలు

ప్రశ్న: ప్రతి శనివారం హైదరాబాదులో పని ముగించుకొని రాత్రిపూట కారులో మిర్యాలగూడకు వెళతాను. నార్కట్‌పల్లి దాటిన తరువాత ఎదుటి వాహనాల హైబీమ్ వెలుగుకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు మీదికి వచ్చేదాకా కనబడడం లేదు. కోతల కాలంలో రోడ్డు మీది వడ్ల కుప్పలు సరేసరి. నేను ఎనభై దాటి నడపను. అయినా ఈ మధ్య ఒక ట్రాక్టరును వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. నడపడంలో లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: గంటకు 80 కిలోమీటర్ల వేగం ఆ దారిలో పగటిపూట మితమైనదే కావచ్చు గాని, రాత్రి డిమ్ లైట్లతో నడిపేవారికి మాత్రం అది ఎక్కువే. ఆ వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని కన్ను పసిగట్టి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పడకముందే 33 మీటర్లు గడిచిపోతాయి. ఆ తరువాత పొడి తారురోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా బ్రేకు వేసినా బండి ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. అంటే మొత్తం 68 మీటర్లు. దీపం గాని, రిఫ్లెక్టర్ పట్టీ గాని లేని వస్తువు డిమ్ లైట్ల వెలుగులో స్పష్టంగా కనబడేది సుమారు 40, 50 మీటర్ల దూరంలోనే. కాబట్టి ఆ ట్రాక్టరు మీ కంటపడే సమయానికే, బండిని దాని వెనుక ఆపగలిగే అవకాశం చేజారిపోయి ఉంటుంది. పక్క వరుస ఖాళీగా ఉండబట్టి మీరు బయటపడ్డారు.

అదే 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఆగడానికి పట్టే దూరం 45 మీటర్లే. వేగం పావువంతు తగ్గితే ఆగే దూరం మూడోవంతు తగ్గింది. ఎందుకంటే బ్రేకు పడిన తరువాత దొర్లే దూరం వేగానికి కాక, వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 100లో వెళ్లేవారికి దాదాపు 97 మీటర్లు కావాలి. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడకు దూరమెంతో మీకు తెలుసు. 80కి బదులు 60లో వెళితే ఇంటికి చేరడం పావుగంట, ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతకు మించి పోయేదేమీ లేదు. ఎదురుగా గాని, ముందు దగ్గరలో గాని ఎవరూ లేనప్పుడు హైబీమ్ వేసుకోండి. దాన్ని వాడకపోవడమే మర్యాద అనుకొని ఖాళీ రోడ్డు మీద కూడా డిమ్‌లోనే నడిపేవారున్నారు. ఎదుటి వాహనం కనబడగానే డిమ్ చేయండి, వేగమూ తగ్గించండి. ఈ రెండో పనిని చాలామంది మరచిపోతారు.

ఎదుటివాడు డిమ్ చేయకపోతే కోపం రావడం సహజమే. కాని పట్టుదలకు పోయి మీరూ హైబీమ్ వేస్తే, చూపు సరిగా ఆనని డ్రైవర్లు ఒకరికి ఇద్దరవుతారు. ఆ వెలుగును నేరుగా చూడకుండా, రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీత మీదికి చూపు మరల్చి, అది ఆధారంగా నెమ్మదిగా సాగండి. వాహనం దాటిపోయాక కూడా చూపు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వయసు పైబడేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. ముందు అద్దం లోపలివైపు పేరుకున్న సన్నని జిడ్డుపొర కూడా ఎదుటి వెలుగును అద్దమంతా చెదరగొడుతుంది. బయటి వైపు తుడిచినంత శ్రద్ధగా లోపలి వైపు తుడిచేవారు తక్కువ.

ఇక ట్రాక్టర్ల సంగతి. డివైడరు మధ్య దారి దూరంగా ఉంటే, పొలం నుంచి ఊళ్లోకి వచ్చే బండి రాంగ్ రూట్‌లోనే అంచు వెంబడి వచ్చేస్తుంది, లేదా ఉన్నట్టుండి అడ్డంగా దాటుతుంది. 2014 డిసెంబరులో మునగాల మండలం ఆకుపాముల వద్ద నందమూరి జానకిరామ్ మరణించింది కారు ట్రాక్టరును ఢీకొన్న ప్రమాదంలోనే. ఊరి పేరు బోర్డు కనబడినప్పుడల్లా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసి, బ్రేకు దగ్గర సిద్ధంగా ఉంచుకోండి. వానాకాలం పంట చేతికొచ్చే అక్టోబరు, నవంబరులలోనూ, యాసంగి కోతలు జరిగే ఏప్రిల్, మే నెలల్లోనూ ఒక వరుస మొత్తం వడ్లు పరచి ఉండవచ్చు. రాత్రి వాటి మీద నల్ల పట్టాలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. తారురోడ్డు మీద నల్ల పట్టా ఎవరి కంటికీ ఆనదు. ఆరబెట్టుకోవడానికి కల్లం లేని రైతును నిందించడం తేలికే. అయితే ఆ రాళ్లు తగిలి మొదట పడిపోయేది కారు కాదు, అదే ఊరివాడి మోటారు సైకిల్. ఆ నెలల్లో వీలైతే ప్రయాణాన్ని ఆదివారం తెల్లవారిన తరువాతకు మార్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పండుగలకు రాత్రి భోజనం చేసి పది గంటలకు బయలుదేరి, తెల్లారేసరికి వనపర్తి చేరతాడు. నిద్ర వస్తే టీ తాగుతానని, అద్దాలు దించి పాటలు పెట్టుకుంటానని అంటాడు. అది సరిపోతుందా?
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: సరిపోదమ్మా. చల్లగాలి, పాటలు కాసేపు మెలకువగా ఉన్నట్టు అనిపించేలా చేస్తాయే తప్ప నిద్రను ఆపలేవు. రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు గంటల వరకు మనిషి శరీరం నిద్రనే కోరుకుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కూడా కొంత అలాగే ఉంటుంది. మీ అబ్బాయి అనంతపురం, కర్నూలు దాటి, బీచుపల్లి వద్ద కృష్ణ మీదుగా పెబ్బేరు వైపు వచ్చేది సరిగ్గా ఆ వేళలోనే అయి ఉంటుంది. 44వ జాతీయ రహదారి తిన్నగా, ఒకే తీరుగా ఉండడం కూడా నిద్రకే సాయపడుతుంది. కళ్లు తెరిచి ఉండగానే మెదడు రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారిపోవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 83 మీటర్లు. ఆ దూరమంతా నడిపేవాడు లేని కారు పోయినట్టే లెక్క.

గడిచిన నాలుగైదు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోవడం, గీత మీదికి చక్రం జారడం, మాటిమాటికీ ఆవులింతలు రావడం – వీటిలో ఏది కనబడినా ఆపవలసిందే. రోడ్డు అంచున కాకుండా, పెట్రోలు బంకులోనో లారీలు నిలిపే చోటనో ఆపి, కాఫీ తాగి వెంటనే పావుగంట, ఇరవై నిమిషాలు కునుకు తీయమనండి. కాఫీ ప్రభావం చూపడానికి దాదాపు అరగంట పడుతుంది కాబట్టి, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. అది కూడా తాత్కాలికమే. రోజంతా ఆఫీసులో గడిపి రాత్రి బయలుదేరడం కన్నా, తొందరగా పడుకొని తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరడం మేలు. జలుబుకు సెట్రిజిన్ వంటి మాత్ర వేసుకున్న రోజు అసలు స్టీరింగ్ పట్టకూడదు. పండుగనాడు మధ్యాహ్నానికి చేరినా ఫరవాలేదని మీరే ఒక మాట చెప్పండి; చాలామంది పిల్లలు రాత్రికి రాత్రి బయలుదేరేది ఇంట్లో ఎదురుచూస్తారనే తొందరతోనే.

ప్రశ్న: వెనుక కూర్చున్నవారు కూడా సీటు బెల్టు పెట్టుకోవాలా? మా పాపను ముందు సీట్లో నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుంటాను.
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: పెట్టుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 138వ నియమం ముందువైపు తిరిగి ఉండే వెనుక సీట్లవారికీ బెల్టును తప్పనిసరి చేసింది. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనుక సీట్లో బెల్టు లేకుండానే ఉన్నారు. నడిపేవారి విషయానికొస్తే 2018 ఆగస్టు 29న నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద జరిగిన ప్రమాదంలో నందమూరి హరికృష్ణ బెల్టు పెట్టుకోలేదన్న సంగతి మన జిల్లాలవారందరికీ తెలిసిందే. బెల్టు లేనివారికి ఎయిర్‌బ్యాగ్ కూడా పూర్తి రక్షణ ఇవ్వదు, ఎందుకంటే అది బెల్టుకు తోడుగా రూపొందించినదే.

పాపను ఒళ్లో పెట్టుకోవడం వెంటనే మానండి. గుద్దుకున్నప్పుడు ఎంత బలమైన చేతులైనా బిడ్డను పట్టి ఉంచలేవు. పైగా కన్నుమూసి తెరిచేలోపు విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్‌కూ మీకూ మధ్య ఉండేది ఆ పాపే. వెనుక సీటులో, వయసుకు, బరువుకు తగిన పిల్లల సీటు బిగించి కూర్చోబెట్టండి. మొదట్లో ఏడుస్తుంది. అలవాటవుతుంది.

ప్రశ్న: ఎండాకాలంలో టైర్లలో గాలి తగ్గించి పెట్టుకుంటే పగలవంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: ఇది పూర్తిగా తలకిందులు. గాలి తక్కువైన టైరు దొర్లేటప్పుడు పక్క గోడలు ఎక్కువగా వంగుతూ లేస్తూ వేడెక్కుతాయి. మే నెల ఎండకు కాలే రోడ్డు, నిండా మనుషులు, సామాను, దానికితోడు వేగం – టైర్లు పగలడం చాలావరకు ఇలాగే జరుగుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది చీటీలో ఉంటుంది. పూర్తి బరువుతో వెళ్లేటప్పుడు ఎంతో కూడా అక్కడే వేరుగా ఇస్తారు. ఉదయం బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ప్రయాణంలో వేడికి పెరిగిన పీడనాన్ని చూసి భయపడి గాలి తీయించకండి. రోడ్డుకు ఆనే భాగంలోని గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చవలసిందే. స్టెప్నీనీ మరచిపోకండి. ఒకవేళ దారిలో టైరు పగిలితే గట్టిగా బ్రేకు వేయకుండా, స్టీరింగ్‌ను రెండు చేతులతో తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటర్ నుంచి కాలు మెల్లగా తీసి, వేగం పడిపోయాక పక్కకు తీసుకోవాలి.

ప్రశ్న: వానలోనూ, చౌరస్తాలో నేరుగా వెళ్లేటప్పుడూ నాలుగు ఇండికేటర్లు వేయడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కాదు. నాలుగూ వెలుగుతుంటే మీరు మలుపు తిరగబోతున్నారో లేదో ఎవరికీ అర్థం కాదు, పక్కనుంచి వచ్చేవారికి వాటిలో ఒకటే కనబడి మీరు తిరుగుతున్నారనుకుంటారు. వానలో మామూలు డిమ్ లైట్లు వేసి, ముందు వాహనానికి దూరం పెంచితే చాలు. నాలుగు ఇండికేటర్లూ కలిపి వేయవలసింది బండి చెడిపోయి ఆగినప్పుడు. అప్పుడు ఎర్ర త్రికోణాన్ని 50 మీటర్లకు తగ్గకుండా వెనుక పెట్టి, అందరూ కారు దిగి, రోడ్డు అంచు దాటి నిలబడాలి. జాతీయ రహదారి అయితే 1033కు, ఎవరికైనా గాయాలైతే 108కి ఫోన్ చేయండి.