తమ్ముడు మారాడంటున్నారు, నా మనసే మారడం లేదు

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ఉంటాం. నాకు 41 ఏళ్లు. పెళ్లయ్యాక నేను, నా తర్వాత అమ్మ విశ్వాసంలోకి వచ్చాం. మావారు చర్చికి రారు, నన్ను వద్దనరు. ఎనిమిదేళ్ల కిందట మా తమ్ముడు తాగుడు కోసం బీరువాలోని నా 14 సవర్ల నగలు తీసుకెళ్లి సేటు దగ్గర కుదువ పెట్టాడు. నా బైబిలు వీధిలోకి విసిరేశాడు. అడ్డొచ్చిన నాన్న మీద చెయ్యి చేసుకున్నాడు. నాన్న పోయేదాకా వాడితో మాట్లాడలేదు. అలాంటి వాడు ఏడాదిన్నరగా తాగడం లేదట, గూడూరులో బాప్తిస్మం కూడా తీసుకున్నాడు. సంఘంలో వాడు ఏడుస్తూ సాక్ష్యం చెప్పిన వీడియో చుట్టాలందరి ఫోన్లలో తిరిగింది. ఇప్పుడు మా ఇంట్లో ఉండి ఇక్కడ పని వెతుక్కుంటానని అమ్మకు ఫోన్ చేశాడు. చేర్చుకోకపోతే దేవునికి అవిధేయత చూపినట్లే అంటున్నారు మా పాస్టర్ గారు. గడప తొక్కనివ్వనంటున్నారు మావారు. అమ్మ ఒకటే ఏడుపు. ప్రార్థనకు కూర్చుంటే ఆ బీరువా తలుపే కళ్లముందు కనబడుతోంది. నేను పాపం చేస్తున్నానా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ వీడియో దగ్గరే ఆగిపోయాను. మీ తమ్ముడు మైకు పట్టుకుని నాన్నను కొట్టిన సంగతి ఊరందరికీ చెప్పాడు. అక్కడున్నవాళ్లు ఆమేన్ అనే ఉంటారు. మీరు ఆ మాట ఎవరో పంపిన ఫోన్లో విన్నారు. తర్వాత వాడు ఫోన్ చేసింది అమ్మకు, అది కూడా ఉండడానికి చోటు కోసం. మీకు మాత్రం ఇంతవరకూ "అక్కా, తప్పు చేశాను" అని చెప్పినట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ మనసు అక్కడ తట్టుకుని నిలబడిందేమోనని నాకనిపిస్తోంది. అది మూర్ఖత్వమని నేననను.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో బలిపీఠం మాట మీకు తెలుసు. అర్పణ తెచ్చినవాడు దాన్ని అక్కడే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడాలి. మన సంఘాల్లో ఈ మాటను ఎప్పుడూ దెబ్బతిన్నవాళ్ల మీదికే విసురుతారు. నాకు అది అస్సలు రుచించదు. అక్కడ లేచి వెళ్లమని చెప్పింది, ఎదుటివాడికి తన మీద విరోధం ఉందని గుర్తొచ్చినవాడికి. మీ ఇంట్లో ఆ మనిషి మీ తమ్ముడే. విధేయత అంటూ ఉంటే ముందు వాడి వంతు.

అలాగని మీ వంతు ఏమీ లేదనడం లేదు. బైబిలు విసిరేసిన వాడే బాప్తిస్మం తీసుకున్నాడంటే మీకు సౌలు గుర్తొచ్చే ఉంటాడు, విశ్వాసులను హింసించి తర్వాత అపొస్తలుడైన పౌలు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం ఈసారి సౌలు కోసం కాకుండా అననీయ అనే శిష్యుడి కోసం చదవండి. దమస్కులో తిన్ననిదనే వీధిలో ఉన్న సౌలు దగ్గరికి వెళ్లమన్నప్పుడు ఆయన వెంటనే బయల్దేరలేదు. ఆ మనిషి యెరూషలేములో ఎంత కీడు చేశాడో విన్నాను ప్రభువా అని మొరపెట్టుకున్నాడు. భయపడినందుకు దేవుడు ఆయన్ని గద్దించలేదు, వెళ్లమని మళ్లీ చెప్పాడంతే. అననీయ వెళ్లి, చేతులుంచి, "సహోదరుడా" అని పిలిచాడు. సౌలు బస చేసింది మాత్రం యూదా అనే ఆయన ఇంట్లో. అననీయ తన ఇంటి తాళాలు ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

ఆ తర్వాతి భాగం ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది. సౌలు యెరూషలేము వెళ్లి శిష్యులతో కలవబోతే వాళ్లు నమ్మలేదు, భయపడ్డారు. బర్నబా అనే విశ్వాసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది. సౌలే తర్వాత పౌలుగా గలతీయులకు రాసిన పత్రికలో చెప్పుకున్న లెక్క ప్రకారం, మారిన మూడేళ్లకు గాని పేతురును కలవలేదు, కలిసినా పదిహేను రోజులే ఉన్నాడు. అపొస్తలుడికే ఇంత కాలం పట్టింది. మీ తమ్ముడికి ఏడాదిన్నరే అయింది.

మీవారు "మీ మతంలోకి వస్తే చేసినవన్నీ కొట్టుకుపోతాయా" అని అడుగుతుంటారని ఊహిస్తున్నాను. విశ్వాసం లేనివాడి మాట అని తోసెయ్యకండి. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చింది. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని నలుగురిలో నిలబడి అన్నాడు. ఫిలేమోను పత్రికలో పౌలు దాసుడైన ఒనేసిమును యజమాని ఫిలేమోను దగ్గరికి వెనక్కి పంపుతూ వాడేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో అంటాడు తప్ప, బాకీ సంగతి మరిచిపొమ్మని అనడు. పద్నాలుగు సవర్లంటే 112 గ్రాములు. మీ తమ్ముడు ఇప్పటికిప్పుడు తేలేడు, నిజమే. నెలకు వెయ్యి రూపాయలైనా "అక్క నగల కింద" అని పంపడం మొదలుపెడితే వాడి సాక్ష్యానికి ఒక రుజువు ఉంటుంది. ఆ డబ్బు మీరు ముట్టుకోకుండా అమ్మ పేర పోస్టాఫీసులో వేసినా సరే.

ఇది బైబిలు చదివేవాళ్ల పట్టుదల మాత్రమే అనుకోకండి. తాగుడు మానినవాళ్లు ఒకరికొకరు ఆసరాగా నిలిచే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది. వాళ్ల పన్నెండు మెట్లలో ఎనిమిదోది, ఎవరెవరిని బాధపెట్టామో రాసుకోవడం. తొమ్మిదోది, ఎదుటివాళ్లకు కొత్తగా కీడు జరగదనుకుంటే స్వయంగా వెళ్లి సరిదిద్దుకోవడం. చెన్నైలో వాళ్ల కూడికలున్నాయి. కుటుంబసభ్యుల కోసం ఆల్-అనాన్ అని వేరే ఉంది, మీరు ఒకసారి వెళ్లి కూర్చోండి. అడయారు ఇందిరానగర్‌లోని టీటీకే హాస్పిటల్‌లో తాగుడు మాన్పించే వైద్యం చేస్తున్నారు. మీ తమ్ముడు నగరానికి రావాలనుకుంటే ముందు ఇలాంటి ఆసరా చూసుకోవాలి. పని దొరకని టెన్షన్, కొత్త ఊరు, అక్క ఇంట్లో రోజూ బావ మొహం చూడాల్సి రావడం, ఇవన్నీ కలిస్తే మళ్లీ గ్లాసు పట్టించేవే. ఇంట్లో పెట్టుకోకపోవడం వాడికి కూడా మంచిదే.

పాస్టర్ గారితో గొడవ పడకండి. "అయ్యగారూ, వాడికి సంఘంలో ఎవరింట్లోనైనా నెల రోజులు చోటు చూపిస్తారా, బర్నబాలాగా మీరు ముందు నిలబడతారా" అని నెమ్మదిగా అడిగి చూడండి. మీ ఇంటి గడప గురించి తేలిగ్గా చెప్పినాయన తన గడప దాకా వచ్చేసరికి కాస్త ఆలోచిస్తారు. చోటు చూపిస్తే మరీ మంచిది.

అమ్మకు మాత్రం కొడుకును చూసుకునే హక్కుంది. దాన్ని మీ నగల లెక్కతో ముడిపెట్టకండి. ఆమెను గూడూరు తీసుకెళ్లి రెండు రోజులు ఉంచి రండి.

ఇక మీరు, వాడు. మీ ఊళ్లోనే పరంగిమలై ఉంది. గాయాలు చూసి తాకితే గాని నమ్మనన్న తోమా పేరుమీదున్న కొండ. ప్రభువు ఆయన్ని వెళ్లగొట్టలేదు, వచ్చి గాయాలు చూపించాడు. వాడిని అక్కడికి రమ్మనండి. మెట్లెక్కి ఓ చెట్టు కింద కూర్చోవచ్చు, మీకు కష్టంగా అనిపిస్తే లేచి స్టేషన్‌కు వచ్చేయవచ్చు. రమ్మని పిలిచే మెసేజ్ కూడా ఇలా ఉంటే చాలు: "తమ్ముడూ, తాగుడు మానావని విన్నాను, సంతోషం. ఇంట్లో ఉండడం కుదరదు. వచ్చే శనివారం కలుద్దాం. నాన్న విషయం, నగల విషయం నాతో నేరుగా మాట్లాడాలి." మొదటి మాట వదలకండి, "తమ్ముడూ" అనే పిలవండి. అననీయ చేసింది కూడా అంతే.

ఆ రోజు అమ్మను వెంట తీసుకెళ్లకండి. ఆమె ఏడుపు మొదలుపెడితే మీరు అడగాలనుకున్నది అడగలేరు.