తల మీద పుట్టుకతో వచ్చిన గడ్డ: మా పాపకి ఎలా కనుక్కున్నారు, ఎలా తీశారు

మీ బాబుకి 9 నెలలు, మాడు దగ్గర శనగగింజంత గట్టి బుడిపె, డాక్టర్ డెర్మాయిడ్ సిస్ట్ అన్నారు, పెద్దవాళ్ళేమో అదే కరిగిపోతుంది అంటున్నారు, ఆపరేషన్ అంటే భయంగా ఉంది, జుట్టు మళ్ళీ వస్తుందా అని కూడా అడిగారు కదండీ. మా పాపకీ సరిగ్గా అదే చోట, అందుకే రాస్తున్నా.

మాకు పుట్టువెంట్రుకలు తీయించిన రోజు తెలిసింది. గుండుకి గంధం రాస్తుంటే మా అత్తయ్య చేతికి తగిలింది. ఆ నెలంతా నాకు నిద్ర లేదు, క్యాన్సరేమో అని ఒకటే భయం. కాదండీ, ఇది క్యాన్సర్ కాదు. కడుపులో బిడ్డ తల తయారయ్యేటప్పుడు అతుకులు కలిసే చోట కాస్త చర్మం లోపల ఇరుక్కుపోతుంది, అది అక్కడ కూడా చర్మం చేసే పనే చేస్తుంది, జిడ్డు, చచ్చిన కణాలు, ఒక్కోసారి వెంట్రుకలు, అన్నీ బయటికి దారి లేక సంచిలో పేరుకుంటాయి. అందుకే ఎక్కువగా కనుబొమ్మ చివర, మాడు మీద, ముక్కు మీద, తల వెనక నడిమధ్యలో వస్తాయి. అందుకే కరగవు కూడా, మెల్లగా పెరుగుతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో అని నన్ను అన్నవాళ్ళున్నారు, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు, మిమ్మల్ని అంటే మనసులో పెట్టుకోకండి.

మొదట ఇంటి దగ్గర క్లినిక్‌లో చూపిస్తే కొవ్వు గడ్డ, సూదితో లాగేస్తా అన్నారు. బల్ల మీద పడుకోబెట్టాం కూడా, పాప గుక్కపట్టి ఏడ్చేసరికి నేనే ఎత్తుకుని వచ్చేశా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే తర్వాత పిల్లల సర్జన్ చెప్పారు, నడిమధ్యలో ఉన్నవి కొన్ని ఎముక గుండా మెదడు పొరల దాకా వెళ్ళి ఉంటాయట, స్కాన్ చూడకుండా గుచ్చితే ఇన్ఫెక్షన్ లోపలికి పోవచ్చు, పైగా సంచి మిగిలిపోతే మళ్ళీ వస్తుంది. కాబట్టి సూది వద్దు, నొక్కొద్దు, సున్నం బెల్లం పట్టు అసలే వద్దు.

ఆవిడ పరీక్ష చేసిన తీరు చెప్తా, మీ డాక్టర్ కూడా ఇవి చూశారా అడగండి. పాప ఏడ్చినప్పుడు గడ్డ ఉబ్బుతుందా, నాడిలా కొట్టుకుంటుందా, నొక్కితే అణిగిపోతుందా అని చూశారు, అలా ఉంటే అది మెదడు పొరల నుంచో రక్తనాళం నుంచో వచ్చింది కావచ్చు. పైన చిన్న గుంట, అందులోంచి వెంట్రుక, చీము లాంటిది ఉందా అని కూడా లైటు వేసి చూశారు. ముందు అల్ట్రాసౌండ్, తర్వాత నడిమధ్య కాబట్టి ఎంఆర్ఐ, దానికి కదలకుండా మత్తిచ్చి పడుకోబెట్టారు. లోపలికి దారేం లేదు అని రిపోర్ట్ వచ్చాకే నాకు అన్నం సహించింది. దారి ఉండుంటే న్యూరోసర్జన్ కూడా కావాలి అన్నారు.

తొందరేం లేదు, ఏడాది దాటాక చేద్దాం అన్నారు, 14వ నెలలో చేశారు. 6 గంటల ముందు నుంచి అన్నం, డబ్బా పాలు బంద్, తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కన్నా ఆకలికి ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని తిరగడమే కష్టమైంది నాకు. గంటలోపే అయిపోయింది, సంచి పగలకుండా మొత్తం తీసి బయాప్సీకి పంపారు, డెర్మాయిడే అని వచ్చింది. గడ్డ కింద ఎముక కొంచెం గుంట పడింది, అది వయసుతో సర్దుకుంటుంది అన్నారు. మర్నాడు పొద్దున్నే ఇంటికొచ్చేశాం.

మీరు ఆగే ఈ నెలల్లో గడ్డ ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చీము కారినా, జ్వరంతో వాంతులైనా, బాబు మగతగా ఉన్నా ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి.

జుట్టు సంగతి అంటే, కోసిన సన్నటి గీత మీద రాదు, చుట్టూ వస్తుంది. మా పాపకి ఇప్పుడు రెండు జడలు వేస్తున్నా, పాపిడి కాస్త పక్కకి తీస్తే చాలు ఆ గీత కనిపించదు.