పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి కదా, పుచ్చితే వైద్యం చేయించాలా?

చేయించాలి, ముఖ్యంగా దవడ పళ్లకు. అవి 10-12 ఏళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. పాలపంటి ఎనామిల్ (గట్టి పైపొర) పలచన, లోపల నరం ఉండే భాగం పెద్దది. అందుకే చిన్న పుచ్చు కూడా త్వరగా నరం దాకా పోతుంది. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పంటికీ దెబ్బే.

నమలడం అటుంచితే, పాలపన్ను తర్వాత వచ్చే పంటికి చోటు కాపాడుతుంది. అయిదేళ్ల పాపకు చివరి పాలదవడ పన్ను పీకించేశారనుకోండి. ఆరేళ్లప్పుడు దాని వెనక వచ్చే శాశ్వత దవడ పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. 11 ఏళ్లకు రావలసిన పన్ను ఇరుకులో వంకరగా వస్తుంది, లేదా చిగుళ్లలోనే ఉండిపోతుంది. పీకక తప్పకపోతే, ఆ ఖాళీ మూసుకుపోకుండా పట్టి ఉంచే స్పేస్ మెయింటెయినర్ పెట్టించాలి. నరం దాకా పుచ్చినా చాలాసార్లు లోపల శుభ్రం చేసి, స్టీలు క్యాప్ వేసి పన్నును నిలబెట్టవచ్చు. పుచ్చు మొదట్లో చిగుళ్ల అంచున పంటి మీద సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తుంది, ఆ దశలోనే చూపిస్తే ఫ్లోరైడ్ పూతతో సరిపోవచ్చు.

ఆరేడేళ్లకే అన్నీ ఊడతాయనుకోవడం పొరపాటు. అప్పుడు ఊడేవి ముందుపళ్లే. ఇంకో పొరపాటు దీనికంటే ఖరీదైనది: ఆరేళ్లకు వెనక మొలిచే దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి, దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది పోతే మళ్లీ రాదు.