వద్దంటే స్నేహం పోతుందేమో!

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ సెకండియర్. కాలేజీ ఫెస్ట్ కోసం ఫ్రెండ్స్‌మి కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కెమెరా నాది. క్లైమాక్స్ రైలు పట్టాల మీదే, వెనక నిజంగా రైలు వస్తుండగానే తీయాలని మా డైరెక్టర్ పట్టుబడుతున్నాడు. భయంగా ఉందంటే ‘నువ్వు లేకపోయినా తీస్తాం’ అన్నాడు. చిన్నప్పటి నుంచి స్నేహితుడు. ఇంట్లో చెబితే సినిమానే మాన్పిస్తారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: నీది పిరికితనం కాదమ్మా. కెమెరాకు కన్ను ఆనించిన మనిషికి ఫ్రేము తప్ప ఇంకేమీ కనిపించదు. పక్క లైన్లో వచ్చే రైలు అసలే కనిపించదు. కాబట్టి అందరికంటే ముందు భయపడాల్సింది నువ్వే.

2014 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో శారా జోన్స్ అనే 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ ఇలాగే చనిపోయింది. రైలు వంతెన మీద, పట్టాల పైన మంచం వేసి సీను తీస్తుంటే రైలు వచ్చేసింది. అక్కడ తీయడానికి రైల్వే కంపెనీ ఒప్పుకోలేదు. డైరెక్టర్ జైలుకు వెళ్లాడు. వాళ్లంతా అదే వృత్తిలో ఉన్నవాళ్లు. ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

మన దగ్గర కూడా అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం నేరమే, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. పైన కరెంటు తీగల్లో 25,000 వోల్టులుంటాయి. పొడుగాటి మైకు కర్ర వాటికి తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా చాలు.

అతనితో గ్రూపులో వాదించకు. నలుగురి ముందు ఎవరూ వెనక్కి తగ్గరు. విడిగా కూర్చోబెట్టి, ‘నీ సినిమా తీయాలని నాకూ ఉంది, పట్టాల మీద మాత్రం తీయను’ అని చెప్పు. చెప్పి ఊరుకోకు, ఇంకో దారి చూపించు. చీకటి గదిలో నటుడి ముఖం మీద, చీలికలు కోసిన అట్ట వెనక నుంచి టార్చ్ వేగంగా కదిలించు. దానికి రైలు శబ్దం కలుపు. ఆ శాంపిల్ షాట్ తీసుకెళ్లి అతని చేతిలో పెట్టు. నీ మాట కన్నా అది బాగా పనిచేస్తుంది.

అప్పటికీ వినకుండా బయల్దేరితే వెంటనే మీ లెక్చరర్‌కు చెప్పు. అతను కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. నీకు బాధగానే ఉంటుంది. అయినా చెప్పు. సీను మారాక అమ్మకు మొత్తం వివరంగా చెబితే, సినిమా మానమనే అవసరం ఆవిడకూ ఉండదు.

షూటింగ్ ఎప్పుడో నువ్వు రాయలేదు. దగ్గర్లోనే ఉంటే, ఇది చదివిన రోజే అతనితో మాట్లాడు తల్లీ.