వాల్తేరు పంపినవాళ్ల కాగితాలు

ప్రశ్న: మా తాతగారి చెల్లెలిని 1930ల్లో "వాల్తేరు పంపించేశారు" అని ఇంట్లో చెప్పుకుంటారు. ఈమధ్య పాత ట్రంకుపెట్టెలో ఆవిడ పేరుతో మేజిస్ట్రేటు సంతకమున్న కాగితం దొరికింది. ఆవిడ నేరం ఏమైనా చేసిందా? గుంటూరు నుంచి అంత దూరం ఎందుకు పంపారు? ఆవిడ రికార్డు చూడొచ్చా?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నేరం మాట ముందు మనసులోంచి తీసేయండి. వాల్తేరు పంపడమంటే ఇప్పటి విశాఖపట్నంలో ఉన్న అక్కడి సర్కారు పిచ్చాసుపత్రికి పంపడమే. తనంతట తాను అడిగి చేరేవాళ్లు తప్ప, మిగతావాళ్లు సర్కారు పిచ్చాసుపత్రిలో చేరాలంటే అప్పట్లో సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సిందే. మీవాళ్ల కాలానికి అమల్లో ఉన్న 1912 లూనసీ యాక్టు (పిచ్చాసుపత్రుల చట్టం) రూలు అది.

ఆ ఉత్తర్వు రెండు దారుల్లో వచ్చేది. మొదటిది ఇంటివాళ్ల అర్జీ. భర్తో, బంధువో పెట్టుకోవాలి. అర్జీదారు అంతకుముందు 14 రోజుల్లోపు ఆ మనిషిని స్వయంగా చూసి ఉండాలి. ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జతచేయాలి, అందులో ఒకరు ప్రభుత్వ డాక్టరై ఉండాలి. పరీక్ష చేసి 7 రోజులు దాటిపోతే ఆ సర్టిఫికెట్టు చెల్లదు. రెండోది పోలీసు దారి. దిక్కులేక తిరిగే మనిషిని స్టేషన్ ఆఫీసరు మేజిస్ట్రేటు ముందు హాజరుపరిస్తే, ఒక్క డాక్టరు సర్టిఫికెట్టు సరిపోయేది. తేల్చుకోలేకపోతే విడతకు 10 రోజుల చొప్పున, మొత్తం 30 రోజులు మించకుండా పరిశీలనలో ఉంచేవారు. మీ కాగితంలో అర్జీదారు పేరుందా, పోలీసు స్టేషను పేరుందా చూడండి. ఆవిడ ఏ దారిన వెళ్లిందో తెలిసిపోతుంది.

సర్టిఫికెట్టు కూడా దొరికితే దాన్ని నిదానంగా చదవండి. డాక్టరు తన కళ్లతో చూసిన లక్షణాలు ఒక భాగంలో, ఇతరులు తనకు చెప్పినవి వేరే భాగంలో రాయాలని నమూనాలోనే ఉంది. మొదటి భాగం రెండు ముక్కల్లో ముగిసి రెండోది నిండుగా ఉంటే, ఆవిడ జీవితం ఎక్కువగా ఇంటివాళ్ల మాట మీద తేలిపోయిందనే అర్థం. జబ్బు కారణం అన్నచోట గంజాయి, జ్వరం, దుఃఖం లాంటి ఒక్క మాటతో సరిపెట్టడం అప్పట్లో మామూలే. మూర్ఛ వచ్చేవాళ్లను కూడా ఈ ఆస్పత్రుల్లోనే పెట్టేవారు. కాబట్టి ఆ కాగితం పట్టుకుని మీ వంశంలో ఫలానా జబ్బు ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇక దూరం సంగతి. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తానికి సర్కారు పిచ్చాసుపత్రులు మూడే: మద్రాసు కీల్పాక్, వాల్తేరు 1871లో, కాలికట్ 1872లో మొదలయ్యాయి. తెలుగు కోస్తాకు దగ్గరిది వాల్తేరు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన, ఆ తర్వాత వాల్తేరు దాకా లైను పూర్తయ్యాక ప్రయాణం తేలికైంది గానీ, చూడబోయే బంధువులకు మాత్రం అది దూరాభారమే. రాకపోకలు తగ్గి, కొందరు ఇళ్లల్లో పేరు కూడా ఎత్తని మనుషులైపోయారు. మీరు ఇన్నేళ్ల తర్వాత అడుగుతున్నందుకు మాకు నిజంగా సంతోషంగా ఉంది.

రికార్డు కోసం విశాఖ మానసిక ఆస్పత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. మీ దగ్గరున్న ఉత్తర్వు నకలు, మీ బంధుత్వానికి ఆధారం జతచేయండి. ఊరికే పేరు రాసి వెతకమంటే పని జరగదు. రిజిస్టర్లు ఇంగ్లిషులో ఉండేవి, ఒకే వెంకమ్మను నాలుగు రకాలుగా రాసేవారు, ఇంటిపేరు వదిలేసేవారు. ఉత్తర్వు తేదీ, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, తాలూకా ఇవ్వండి. చేరిన తేదీని బట్టి వెతకడమే సులువు. సమాచార హక్కు కింద అడిగితే వ్యక్తిగత వివరాలని తిరస్కరించే వీలుంది, అందుకే వారసులుగా నేరుగా అడగడం మంచిది. రాజధాని కాలపు ప్రభుత్వ ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత వార్షిక నివేదికలను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది. వాటిలో ఎంతమంది చేరారు, ఎంతమంది చనిపోయారు, ఖర్చెంత వంటి పట్టికలుంటాయి. మనుషుల పేర్ల కోసం మాత్రం వాటిని తిరగేయకండి.

ప్రశ్న: ఆ ఆస్పత్రుల్లో గొలుసులతో కట్టేసేవారంటారు, నిజమేనా?
– పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: యూరప్‌లో ఒకప్పుడు కట్టేవారు. పారిస్ బిసెత్ర్ ఆస్పత్రిలో గొలుసులు విప్పించిన పేరు డాక్టర్ పినెల్‌కు వచ్చింది గానీ, 1797లో ఆ పని చేసింది అక్కడి వార్డుల పెద్ద ప్యుస్సాన్. ఇంగ్లాండులో హాన్‌వెల్ ఆస్పత్రిలో 1839లో జాన్ కొనొలీ అనే డాక్టరు రోగులను కట్టేయడాన్నే మాన్పించాడు. కట్టకుండా చూసుకోవాలంటే వార్డులో చాలినంతమంది మనుషులుండాలి. కిక్కిరిసిన చోట ఆ పద్ధతి నిలవదు. సర్కారు ఆరోగ్య సేవల మీద వేసిన 1946 భోర్ కమిటీ లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియా అంతటికీ మానసిక ఆస్పత్రుల్లో ఉన్నవి 10,181 పడకలు. సుమారు 40,000 మందికి ఒక పడక. ఇంగ్లాండులో 300 మందికే ఒకటి ఉండేది. మందులంటే బ్రొమైడు, పారాల్డిహైడు లాంటి మత్తుమందులే. ఈ జబ్బుల మీద పనిచేసే తొలి మందు క్లోర్‌ప్రొమజీన్ 1952 తర్వాత గానీ రాలేదు. గుంపుగా ఉన్నచోట జిగట విరేచనాలు, క్షయ ప్రాణాలు తీసేవి.

ప్రశ్న: ఇప్పుడు కూడా కోర్టుకే వెళ్లాలా? మా అన్నయ్య ఆస్పత్రికి రానంటున్నాడు.
– పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ముందు మీ అన్నయ్యను ఒప్పించి విజయవాడ పెద్దాసుపత్రి మానసిక విభాగం ఓపీకి తీసుకెళ్లే ప్రయత్నం చేయండి. ఎలా మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి అడగండి, డబ్బు కట్టక్కర్లేదు. తన గురించి తాను నిర్ణయించుకోలేని స్థితిలో, ప్రమాదం కనిపిస్తుంటే, నామినీ (అతని తరఫున నిర్ణయాల్లో పాల్గొనే ప్రతినిధి) దరఖాస్తు మీద 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అందుకు ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నామినీ ఒప్పుకుంటే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. గొలుసు వేయడం నిషిద్ధం, ఇంట్లో కూడా తలుపేసి బంధించకండి. రోడ్డు మీద పోలీసులకు దొరికినా లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి.