‘కన్వర్ట్ చేసుకో’ అంటే సరిపోదు

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మా అబ్బాయి ఇంటర్ అయ్యాక ఒంగోలులో మల్టీమీడియా కోర్సులో చేరాడు. మొన్న వాడు చేసిన ప్రాజెక్టు వీడియోని మా అన్నయ్య ల్యాప్‌టాప్‌లో పెడితే మాట వినబడింది గానీ బొమ్మ రాలేదు. సార్‌ని అడిగితే ‘కన్వర్ట్ చేసుకో’ అన్నారట. రెండు రోజులు దాంతోనే కూర్చున్నాడు. చివరికి బొమ్మ వచ్చింది, కానీ మసక మసకగా ఉంది. ఇదీ ఒక చదువేనా? మాన్పించి డిగ్రీలో చేర్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. ఆ రెండు రోజులు వృథా అయ్యాయనీ అనుకోకండి. కట్‌లు, టైటిళ్ళు, ఎఫెక్టులు ఇప్పుడు అందరు పిల్లలూ చేస్తున్నారు. ఫైలు ఎందుకు ఆడలేదో చెప్పగలిగినవాళ్ళే దొరకడం లేదు.

ఎంపీ4, ఎంఓవీ, ఏవీఐ అనే వీడియో ఫైలు రకాలు అన్నం క్యారియర్ లాంటివి. లోపల ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో శబ్దం ఉంటాయి. వాటిని కుదించి సర్దిన పద్ధతి పేరు కోడెక్. హెచ్.264 అనే పద్ధతి 2003లో వచ్చింది, అది ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఆడుతుంది. 2013లో వచ్చిన హెచ్.265ని విప్పడం కొన్ని ల్యాప్‌టాప్‌లలోని ప్లేయర్లకు చేతకాదు. అప్పుడు శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. మీ ఇంట్లో జరిగింది బహుశా ఇదే. వీఎల్‌సీ ప్లేయర్‌లో విప్పే సరంజామా ముందే ఉంటుంది కాబట్టి, అందులో పెట్టి ఉంటే కన్వర్ట్ చేసే పనే పడేది కాదేమో. అందులో వీడియో ఆడుతుండగా కంట్రోల్, జె కలిపి నొక్కితే లోపల ఏ కోడెక్ ఉందో కనిపిస్తుంది. మీ వాణ్ణి ఈ రోజే చూడమనండి.

ఇక మసక సంగతి. గ్రానైట్ బ్లాకును ఒకసారి పలకలుగా కోశాక మళ్ళీ బ్లాకు చేయలేమని మీ ఇంటాయనకు నేను చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. కన్వర్ట్ చేసిన ఫైలునే మళ్ళీ కన్వర్ట్ చేస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. తర్వాత సైజు ఎంత పెంచినా అది తిరిగి రాదు. వాడు ఎడిటింగ్ ప్రాజెక్టులోకే వెళ్ళి హెచ్.264లో ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాల్సింది, అంటే పూర్తయిన వీడియోగా మళ్ళీ బయటికి తీసుకోవాల్సింది. క్యారియర్ ఒక్కటే మార్చాలంటే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గిన్నెల జోలికి పోకుండా మార్చవచ్చు. త్వరగా అయిపోతుంది, క్వాలిటీ చుక్క కూడా తగ్గదు.

కావలిలో ఒక పెళ్ళి స్టూడియోలో కళ్ళారా చూశాను. పెళ్ళికొడుకు మేనమామ ఫోన్‌లో తీసిన క్లిప్ ఎడిటింగ్‌లో పెడితే మొదట్లో బాగానే ఉంది, పోనుపోను మంత్రం ఒకచోట, పంతులుగారి పెదవులు ఇంకోచోట. అంతా టెన్షన్ పడుతుంటే కొత్తగా చేరిన కుర్రాడు, ఫోన్‌లో సెకనుకు ఫ్రేములు (విడి బొమ్మలు) ఒకే లెక్కన రావని చెప్పి, హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరంగా 25 ఫ్రేములకు మార్చి పెట్టాడు. అంతటితో సరిపోయింది. ఆ స్టూడియో ఓనరు వాణ్ణి వదులుకోడు.

మీ వాడికి లెక్క కూడా రావాలి. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున 10 నిమిషాల వీడియో ఎంత అవుతుందని అడగండి. దాదాపు 600 ఎంబీ అని కాగితం మీద చేసి చూపించగలగాలి. పెన్‌డ్రైవ్‌లో ఇంకా బోలెడు చోటున్నా 5 జీబీ ఫైలు ఎందుకు ఎక్కదనీ అడగండి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు.

డిగ్రీ మాత్రం వదలొద్దు. దూరవిద్యలో కట్టించండి, రెండూ కలిసి నడుస్తాయి.

కోర్సు ఫీజు మిగిలి ఉంటే, తర్వాతి వాయిదా కట్టేముందు మీరే ఒకసారి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళండి. సిలబస్ కాగితం అడిగి చూడండి. అందులో ఫ్లాష్ (వెబ్‌లో యానిమేషన్లు ఆడించడానికి వాడిన పాత పద్ధతి) ఇంకా ముఖ్య పాఠంగా ఉంటే ఆలోచించాల్సిందే, ఫ్లాష్ ప్లేయర్‌ని అడోబీ 2020 డిసెంబరు 31తో ఆపేసింది. కోడెక్‌లు, బిట్‌రేట్ (సెకనుకు ఎన్ని బిట్లన్న లెక్క), ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు ఏ వారం చెప్తారని సార్‌నే అడగండి. తేదీ చెప్పి, ల్యాబ్‌లో పిల్లల చేత చేయిస్తామంటే కట్టండి. ‘అవన్నీ వాళ్ళే యూట్యూబ్‌లో చూసుకుంటారండీ’ అంటే, మిగిలిన డబ్బు అక్కడ పోయకుండా వాడికి సొంతంగా ఒక మంచి కంప్యూటర్ కొనివ్వండి.