పురుగుమందు కొట్టొచ్చిన రాత్రి వికారం, మసక చూపు.. ఎండదెబ్బేనా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మా వారికి 43 ఏళ్లు. రెండెకరాలు కౌలుకు చేస్తూ, సీజన్లో పక్క రైతుల చేలకు కూడా ట్యాంకు లెక్కన పురుగుమందు కొడతారు. కొట్టొచ్చిన రాత్రి తలనొప్పి, వికారం, నోట్లో ఒకటే నీళ్లూరడం, చూపు మసక. తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎండదెబ్బ అని సెలైన్ పెడుతున్నారు. మూతికి తువ్వాలు కట్టుకునే కొడతారు, వచ్చాక మజ్జిగ తాగుతారు. బీపీ, షుగర్ లేవు. ఇది మందు వల్లేనా? ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. వాడికేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, ఎండదెబ్బకైనా తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, చెమట పడుతుంది. కానీ ఎండకి నోరు పిడచగట్టుకుపోతుంది, ఊరదు. నోట్లో నీళ్లు, మసక చూపు, అదీ మందు కొట్టిన రోజే రావడం చూస్తే నా అనుమానం పురుగుమందు మీదే. ఈసారి వచ్చినప్పుడు ఆయన కళ్లు చూడండి. మసక వెలుతురులో కూడా నల్లగుడ్డు మధ్య కంటిపాప గుండుసూది తలంతే ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఏ మందో మీరు రాయలేదు. వరికి పట్టే దోమకీ పురుగుకీ కలిపి రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో పోస్తారు కాబట్టి బహుశా ఆయనకీ గుర్తుండదు. క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్ లాంటివన్నీ ఆర్గానోఫాస్ఫేట్ జాతి. మన నరం కండరానికి కబురు పంపాక, ఆ కబురుని చెరిపేసే ఎంజైమ్ ఒకటుంది, కోలినెస్టరేజ్ అంటారు. ఈ మందులు దాన్ని పట్టేస్తాయి. కబురు ఆగకుండా వెళ్తూనే ఉంటుంది. అందుకే లాలాజలం, చెమట, కన్నీరు, విరేచనం, కండరాలు అదరడం. యూరియాలో కలిపి వట్టి చేత్తో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలదీ ఇదే తీరు, కాకపోతే త్వరగా వదులుతుంది.

తువ్వాలు కట్టుకుంటున్నారు కదా అన్నారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మందు ముక్కులోంచే వెళ్తుందని మనవాళ్ల నమ్మకం. చేలో కొట్టేవాళ్లకి ఎక్కువగా ఎక్కేది చర్మం నుంచి. ట్యాంకు మూత బిగువు తప్పి వీపు మీదుగా కారుతుంది, ఆ తడి నడుం దగ్గర లుంగీ ముడిలోకి దిగుతుంది. ముందు వైపేమో ఏపుగా ఎదిగిన వరి తొడలకి రాసుకుంటూ ఉంటుంది. శరీరంలో అన్ని చోట్లా చర్మం ఒకేలా పీల్చుకోదు. ఇదే జాతికి చెందిన పారాథియాన్ అనే మందుతో 1970ల మొదట్లో మనుషుల మీద చేసిన పరీక్షల్లో ముంజేయి కంటే వృషణాల చర్మం 10 రెట్లకు పైగా పీల్చుకుంది. తడి లుంగీతోనే సాయంత్రం దాకా తిరిగే మనిషికి మూతికి కట్టిన గుడ్డ ఏం కాపాడుతుంది? పైగా అది తడిస్తే మందుని మూతికి అద్దుతూ కూర్చుంటుంది.

దాళ్వా (రబీ వరి) ఎండలో నిలువెల్లా రెయిన్‌కోటు తొడుక్కోమని నేను చెప్పను. అది కుర్చీలో కూర్చుని చెప్పే మాట. లుంగీకి బదులు ఫ్యాంటు, దాని మీద నడుం నుంచి మోకాళ్ల కింద దాకా ప్లాస్టిక్ షీటు, మందు కలిపేటప్పుడు మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు, ట్యాంకు మూతకి కొత్త వాషరు. పొద్దున్నే, గాలి వీపుకి తగిలేలా నడుస్తూ కొట్టాలి. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదకూడదు, పాత బ్రష్ జేబులో ఉంచుకుంటే సరి. పనయ్యాక ఇంటికి రాకముందే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. కాలవలో మాత్రం కాదు, దిగువన ఆ నీళ్లు వాడుకునేవాళ్లున్నారు.

మజ్జిగ తాగితే తాగనివ్వండి, విరుగుడు మాత్రం కాదు. సెలైన్ కూడా అంతే.

ఇప్పుడు చేయాల్సింది రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష. జిల్లా ఆసుపత్రిలో గానీ పెద్ద ల్యాబులో గానీ అడగండి. ఇందులో ఒక మెలిక ఉంది: నార్మల్ పరిధి చాలా వెడల్పు. రిపోర్టులో నార్మల్ అని వచ్చినా ఆయన మామూలు అంకెలో సగానికి పడిపోయి ఉండొచ్చు. అందుకని ఇప్పుడొకసారి, మందు పని పూర్తిగా మానేసిన 3 నెలలకి మళ్లీ ఒకసారి చేయించి పోల్చాలి. ఎర్రకణాల్లో ఆ ఎంజైమ్ కోలుకోవడానికి దాదాపు అంత కాలం పడుతుంది. రోజు మార్చి రోజు కొట్టేవాళ్లకి అసలు కోలుకునే వ్యవధే ఉండదు. నిన్నటి దాకా తట్టుకున్న మోతాదే ఓరోజు మంచాన పడేస్తుంది.

ఆయాసం, ఛాతీ పట్టేయడం, కండరాలు అదరడం, మగత, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఈలోపు తడిబట్టలు విప్పి, మీరు గ్లౌజులు వేసుకుని, సబ్బునీళ్లతో ఒళ్లు కడగండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో ఎట్రోపిన్ అనే విరుగుడు ఇస్తారు. తేరుకున్నారని ఆ రాత్రే ఇంటికి తెచ్చేయకండి. 1 నుంచి 4 రోజుల మధ్య మెడ నిలపలేకపోవడం, ఊపిరి కండరాలు సడలిపోవడం జరగొచ్చు.

బాబు సంగతి. మందు కొట్టొచ్చిన బట్టలు వాడి బట్టలతో కలిపి ఉతకొద్దు, విడిగా రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. డబ్బాలు తాళం వేసిన చోట, ఇంటికి బయట ఉండాలి. ఖాళీ డబ్బాలో కిరోసిన్ గానీ నూనె గానీ పోయొద్దు. 2013లో బిహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని తేలింది. ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకి చిల్లులు పెట్టేయండి.

పరీక్ష రిపోర్టు చేతికొచ్చే దాకా పరాయి చేలకి కొట్టే పని ఆపించండి. కూలి పోతుందని నాకు తెలుసు, అయినా ఆపాల్సిందే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు, ఈ నెలలో వాడిన మందులన్నిటి లేబుళ్లూ ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్లండి. లేబుల్ మీద ఎరుపు, పసుపు త్రికోణం ఉన్నవి, అంటే విషం ఎక్కువున్నవి, ముందు చూపించండి.